థీమ్ పార్కుల డాక్యుమెంటరీ తీసినవారికి: ఆ మెకానిక్‌ను ఇంకాసేపు చూపించాల్సింది

థీమ్ పార్కుల మీద డాక్యుమెంటరీ తీసిన బృందానికి, దాన్ని ప్రసారం చేసిన చానల్ పెద్దలకు,

నమస్కారం.

మీ డాక్యుమెంటరీ మొదటి భాగం చూశాను. ఏ రోలర్ కోస్టర్‌ను ఏ కంపెనీ కట్టింది, ఏది ఏ ఏడాది మూతపడింది, ఎందుకు మూతపడింది, ఇవన్నీ అడక్కపోయినా చెప్పే బాపతు మనిషిని నేను. ఇలాంటి కార్యక్రమాలు వచ్చినప్పుడు నా పక్కన కూర్చోవడం ఇంట్లోవాళ్లు ఎప్పుడో మానేశారు. మీరు తీసింది మాలాంటి పిచ్చివాళ్ల కోసం కాదు, సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒకసారి వెళ్లొచ్చే మామూలు ప్రేక్షకుల కోసం. ఆ సంగతి తెలుసు. అయినా రాస్తున్నాను. రెండో భాగం త్వరలో వస్తుందని చివర్లో వేశారు కదా, దిద్దుకోవడానికి ఇంకా టైముంది.

ముందు నచ్చింది చెప్తాను. పార్కు తెరవక ముందు, ఇంకా చీకటి విడవకుండానే, ఒక మెకానిక్ కోస్టర్ ట్రాక్ పక్కనున్న మెట్లెక్కి పైకి వెళ్తాడు. టార్చి వేసి బోల్టులు చూసుకుంటూ నడుస్తాడు. ఒకచోట ఆగి, వంగి, పట్టాను చేత్తో తడుముతాడు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఏం కనిపించింది ఆయనకు? పగులా? గ్రీజు తగ్గిందా? లేక అలవాటుగా తడిమాడా? తెలిసేలోపే మీ కెమెరా అక్కడి నుంచి వెళ్లిపోయింది. వయొలిన్లు మొదలయ్యాయి, కోట వెనక బాణసంచా పేలింది, ఇది కలలు నిజమయ్యే చోటని వ్యాఖ్యాత చెప్పాడు. మొత్తం కార్యక్రమంలో ఆ మనిషికి దక్కింది ఒక్క నిమిషం కూడా లేదు. బాణసంచాకు మాత్రం మూడు చోట్ల దక్కింది.

నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. పైపులు, మోటార్లు, చెమట పట్టిన చొక్కాలు కనబడకుండా దాచుకోవడం పార్కు పని. దాన్ని తప్పుపట్టను, టికెట్ కొనేదే అందుకు. కానీ పార్కు దాచినదాన్ని మీరు కూడా దాచిపెడితే డాక్యుమెంటరీ ఎందుకు? పార్కువాళ్ల ప్రచార విభాగం ఆ పని మీకంటే బాగా, మీకంటే ఎక్కువ డబ్బుతో చేసుకుంటోంది.

నిజానికి టీవీకీ థీమ్ పార్కుకూ ఈ మొహమాటం పుట్టుకతోనే వచ్చింది. డిస్నీల్యాండ్ కట్టడానికి డబ్బు చాలక వాల్ట్ డిస్నీ, ఆయన అన్న రాయ్ తిరుగుతున్న రోజుల్లో ముందుకొచ్చింది ఏబీసీ అనే టీవీ నెట్‌వర్క్. 1954లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏబీసీ 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, మరో 45 లక్షల డాలర్ల అప్పుకు హామీగా నిలబడింది. బదులుగా పార్కులో మూడో వంతు వాటా తీసుకుంది. దాంతోపాటు డిస్నీ వారం వారం ఒక టీవీ కార్యక్రమం చేసివ్వాలి. ఆ కార్యక్రమానికి పెట్టిన పేరు కూడా డిస్నీల్యాండే. అంటే పార్కు తెరవడానికి తొమ్మిది నెలల ముందు నుంచే జనం దాన్ని టీవీలో చూస్తున్నారు. ఈ ఒప్పందం మీ డాక్యుమెంటరీలో లేదు. టీవీ గురించి టీవీలో చెప్పుకోవడం ఇబ్బందనిపించిందేమో! మీరు చెప్పింది మాత్రం ఒక మనిషి కలగన్నాడు, ఆ కల నిజమైంది అని.

తమాషా ఏమిటంటే, 1955 జులై 17న ఏబీసీ చేసిన ప్రారంభోత్సవ ప్రత్యక్ష ప్రసారం పచ్చి వాణిజ్య ప్రకటనే అయినా, మీ డాక్యుమెంటరీ కంటే నిజాయితీగా కనిపిస్తుంది. ఆర్ట్ లింక్‌లెటర్, బాబ్ కమింగ్స్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ వ్యాఖ్యాతలు. లింక్‌లెటర్ తన మైకు ఎక్కడో పోగొట్టుకుని వెతుక్కుంటాడు. వాల్ట్ డిస్నీ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒకచోట సిగ్నల్ వచ్చిందనుకుని ప్రసంగం మొదలుపెట్టి మధ్యలో ఆపేస్తాడు. కెమెరా బయట పరిస్థితి ఇంకా ఘోరం. ఎండకు మెత్తబడ్డ తారులో ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. దొంగ టికెట్లతో జనం వేలల్లో లోపలికి వచ్చేశారు. ప్లంబర్ల సమ్మె వల్ల తాగే నీళ్ల కుళాయిలు చాలినన్ని లేవు. ఏడాదిలో ఒక ఊరంత పార్కు కడితే ఇలాగే ఉంటుంది. ఆ రోజంతా కలిపి మీరు ఇచ్చింది ఒక్క రిబ్బన్ కట్టింగ్ షాట్.

ఆ కల ఒక్కడిదేనా అనేది ఇంకో ప్రశ్న. పార్కుకు కాలిఫోర్నియాలో నారింజ తోటల మధ్య అనహైమ్ అనే చోటు సరైనదని లెక్కలు వేసి తేల్చింది స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో పనిచేసిన హారిసన్ ప్రైస్. 1953 సెప్టెంబరులో ఒక వారాంతమంతా వాల్ట్‌తో కూర్చుని పార్కు మొత్తాన్ని ఆకాశం నుంచి చూసినట్టు బొమ్మ గీసింది హెర్బ్ రైమన్. ఆ బొమ్మ పట్టుకునే రాయ్ న్యూయార్క్ వెళ్లి డబ్బులడిగాడు. కట్టడం దగ్గరుండి నడిపించింది పార్కు తొలి జనరల్ మేనేజర్ సి.వి. వుడ్. తర్వాత డిస్నీతో చెడింది, బయటికెళ్లి వేరే పార్కులు కట్టాడు. కంపెనీ చెప్పుకునే కథలో ఆయన పేరు చాలాకాలం వినపడలేదు. మీ కథలోనూ లేదు. కంపెనీ మర్చిపోయినవాళ్లను గుర్తుచేసే పని డాక్యుమెంటరీ కాకపోతే ఎవరు చేస్తారు?

డిస్నీల్యాండ్‌కు ముందు సంగతులకు మీరు కేటాయించింది రెండు పాత ఫొటోలు. కోపెన్‌హాగన్‌లో టివోలి 1843 నుంచి ఉంది. వాల్ట్ డిస్నీ స్వయంగా వెళ్లి చూసి ముచ్చటపడ్డ పార్కు అది. నెదర్లాండ్స్‌లో ఎఫ్టెలింగ్ 1952లోనే చిత్రకారుడు ఆంటన్ పీక్ బొమ్మలతో కథల అడవిని తెరిచింది. అక్కడ చెత్తబుట్టలు నోరు తెరిచి కాగితాలడుగుతాయి, వేస్తే థాంక్స్ చెప్తాయి. వేయడానికి కాగితం కోసం పిల్లలు వెతుక్కుంటారు! న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో 1907లో స్టీపుల్‌చేజ్ పార్కు కాలిపోతే, దాని యజమాని జార్జ్ టిల్యు మర్నాడు బోర్డు పెట్టి, ఆ బూడిద చూడటానికి పది సెంట్లు వసూలు చేశాడు. ఇంత మంచి సరుకు చేతిలో ఉండగా డ్రోన్ షాట్లతో ఎలా సరిపెట్టుకున్నారో నాకు అర్థం కాలేదు.

ఇక తప్పులు. స్విట్జర్లాండ్ కొండ ఆకారంలో 1959లో డిస్నీల్యాండ్‌లో వచ్చిన మాటర్‌హార్న్‌ను ప్రపంచంలో తొలి రోలర్ కోస్టర్ అన్నారు. అప్పటికే కోస్టర్ల చరిత్ర డెబ్బై ఏళ్లు దాటింది. కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ తన స్విచ్‌బ్యాక్ రైల్వేను 1884లోనే నడిపాడు. మాటర్‌హార్న్ తొలిది ఎందులోనంటే, గొట్టంలాంటి ఉక్కు పట్టాల మీద నడవడంలో. ఆరో డెవలప్‌మెంట్ అనే చిన్న కంపెనీ చేసిన పని అది. గొట్టాన్ని ఎటు కావాలంటే అటు వంచొచ్చు. ఇప్పుడు మనం చూసే మెలికలన్నీ ఆ ఒక్క మార్పు నుంచే వచ్చాయి. మీ వాక్యంలో రెండు మాటలు ఎక్కువ వేసి ఉంటే తప్పు పోయేది, అసలు విషయమూ తెలిసేది.

ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు కింద ఉద్యోగులు నడిచే దారుల్ని నేల తవ్వి చేసిన సొరంగాలన్నారు. అక్కడ కాస్త తవ్వితే నీళ్లొస్తాయి. అందుకే ఆ దారుల్ని నేల మీదే కట్టి, పక్కన సరస్సు తవ్వగా వచ్చిన మట్టితో కప్పి, పార్కును వాటిమీద కట్టారు. అంటే 1971 నుంచి అక్కడ జనం నడుస్తున్నది రెండో అంతస్తులో. సొరంగం కంటే ఇది ఎంత బాగుందో చూడండి!

లూప్ గ్రాఫిక్ దగ్గర మాత్రం నాకు నిజంగా బాధేసింది. ట్రైన్ తలకిందులుగా తిరిగే ఆ లూప్‌ను మీరు అచ్చం గాజులా గుండ్రంగా గీశారు. అలా గుండ్రంగా కట్టి చూశారండీ, 1895లో, కోనీ ఐలాండ్‌లోనే. ఫ్లిప్ ఫ్లాప్ అని పేరు. ఎక్కినవాళ్లకు మెడలు పట్టేశాయి. కారణం సులువే. వేగం రెట్టింపైతే మలుపులో మన మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. లూప్ అడుగున ట్రైన్ మంచి వేగంలో ఉంటుంది. అక్కడ ఉన్నట్టుండి గట్టి మలుపు తగిలితే తల గుండెల్లోకి దిగిపోయినట్టుంటుంది. 1976లో మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్ వచ్చింది. ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ కట్టాడు, లెక్కలు వెర్నర్ స్టెంగెల్‌వి. వాళ్లు లూప్‌ను నీటిబొట్టు ఆకారంలో సాగదీశారు. అడుగున, వేగం ఎక్కువున్నచోట, మలుపు విశాలంగా ఉంటుంది. పైన, వేగం తగ్గినచోట, బిగుతుగా ఉంటుంది. ఒత్తిడి మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. అంతే. 1895లో మెడలు పట్టించిన సమస్య ఒక వంపు మార్చడంతో తీరింది. మీ గ్రాఫిక్స్ మనిషికి అరగంట పని. చేసి ఉంటే చూసేవాళ్లు ఇక జీవితంలో ఏ లూప్‌నూ మామూలుగా చూడరు.

భద్రత గురించిన భాగానికి వస్తాను. అక్కడ ఎర్ర రంగు వేశారు, డ్రమ్స్ మోగించారు, వరసగా వార్తా క్లిప్పులు చూపించారు. చూసినవాళ్లకు మిగిలింది భయం తప్ప తెలివిడి కాదు. అమెరికాలోని న్యూజెర్సీలో కింగ్డా కా అనే కోస్టర్ టవర్ ఎక్కబోయి ట్రైన్ వెనక్కి జారిన వీడియోను ప్రమాదాల జాబితాలో కలిపేశారు. అది ప్రమాదం కాదు. 139 మీటర్ల టవర్ మీదికి ట్రైన్‌ను ఒక్క ఊపులో విసిరే కోస్టర్ అది. గాలి ఎదురుగా వీచినా, చక్రాలు ఇంకా వేడెక్కకపోయినా ఒక్కోసారి ట్రైన్ చివరి కొన్ని అడుగులు ఎక్కలేక వెనక్కి వస్తుంది. వస్తుందని కట్టినవాళ్లకు తెలుసు. అందుకే ట్రైన్ వెళ్లగానే ట్రాక్ మీద లోహపు రెక్కలు పైకి లేచి నిలబడతాయి. ట్రైన్‌కున్న అయస్కాంతాలు వాటిని దాటుతుంటే పుట్టే నిరోధమే ట్రైన్‌ను ఆపుతుంది. ఆ నిరోధానికి కరెంటు అక్కర్లేదు. మాలాంటివాళ్లు ఆ కోస్టర్ ఎక్కేటప్పుడు ఒక్కసారైనా అలా వెనక్కి రావాలని మొక్కుకునేవాళ్లం. ఇక ఆ మొక్కులు కూడా లేవు. 2024లో దాన్ని మూసేశారు, 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు.

నిజమైన ప్రమాదాన్ని మాత్రం మూడు సెకన్లలో దాటేశారు. 2015 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్‌లో స్మైలర్ కోస్టర్ మీద రెండు ట్రైన్లు గుద్దుకున్నాయి. చాలామంది తీవ్రంగా గాయపడ్డారు, ఇద్దరు యువతులకు కాలు తీసేయాల్సి వచ్చింది. అది ఎలా జరిగిందో చెప్పాలంటే ముందు బ్లాకుల గురించి చెప్పాలి. కోస్టర్ ట్రాక్‌ను కొన్ని భాగాలుగా విడదీస్తారు. ఒక భాగంలో ఒక ట్రైన్ ఉంటే ఇంకోదాన్ని అందులోకి రానివ్వరు. ముందు భాగం ఖాళీ అయ్యేదాకా వెనక ట్రైన్‌ను ఆపేయడం కంప్యూటర్ పని. అందుకే నడిపే ట్రైన్ల కంటే కనీసం ఒక బ్లాక్ ఎక్కువుంటుంది. ఆ రోజు ఒక ఖాళీ ట్రైన్ దారిలో ఆగిపోయింది. కంప్యూటర్ దాన్ని గుర్తించి, మనుషులున్న ట్రైన్‌ను పైన ఆపింది. ఖాళీ ట్రైన్ సంగతి తెలియని ఇంజినీర్లు కంప్యూటరే పొరబడిందనుకుని దాని మాట పక్కనపెట్టి ట్రైన్‌ను వదిలారు. యంత్రం తన పని చేసింది. ఇలాంటి సమయంలో ఎవరు ఏం సరిచూసుకోవాలో చెప్పే పద్ధతి లేకపోవడమే అసలు లోపమని విచారణలో తేలింది. మరుసటి ఏడాది కోర్టు కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఇది చెప్తే ప్రేక్షకుడికి భయం వేయదా? వేస్తుంది. కానీ దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలుస్తుంది. మొదట చెప్పిన మెకానిక్ చేతులు ఎంత ముఖ్యమో కూడా అప్పుడే అర్థమవుతుంది.

క్యూల గురించి మీరన్నది ఒకే మాట, జనం గంటలకొద్దీ ఓపిగ్గా నిలబడతారని. ఓపిక కాదండీ, లెక్క. 24 మంది పట్టే ట్రైన్ నిమిషానికొకటి బయల్దేరితే గంటకు 1,440 మంది ఎక్కుతారు. ఎవరో బ్యాగు ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక, ఇంకెవరో బెల్టు సరిగ్గా పెట్టుకోక ప్రతి ట్రైన్‌కూ పదిహేను సెకన్లు ఆలస్యమైతే అది 1,152కి పడిపోతుంది. గంటకు 288 మంది తగ్గారు. క్యూలో చివర ఉన్నవాళ్లకు ఆ పదిహేను సెకన్ల సంగతి తెలియదు, ఎండ మాత్రం తెలుస్తుంది. స్టేషన్లో నిలబడి బెల్టులు లాగి చూసి బొటనవేలెత్తే కుర్రాళ్లు ఆ సెకన్లతోనే రోజంతా కొట్లాడతారు. వాళ్లలో ఒక్కరినైనా మాట్లాడించాల్సింది. 1969లో డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల భవనం కోసం ఎక్కడా ఆగకుండా గొలుసులా సాగిపోయే బండ్లు పెట్టింది ఈ లెక్క కోసమే. గంటకు రెండు వేల మందికి పైగా ఎక్కించవచ్చు. పైగా ఆ బండి వీపు ఎత్తుగా ఉండి, మనల్ని ఎటు తిప్పితే అటే చూస్తాం. దర్శకుడు కెమెరా తిప్పినట్టన్నమాట. ఇది మీకు తెలియని విద్య కాదు కదా!

అదే భవనంలో దెయ్యాలు నాట్యం చేసే గది ఉంది. మీరు దాన్ని లేజర్ టెక్నాలజీ అన్నారు. లేజర్లు లేవు, తెర లేదు. మన ముందు పెద్ద గాజు పలకలున్నాయి, అంతే. మనకు కనబడని చోట బొమ్మలు తిరుగుతుంటాయి, వాటి మీద వెలుగు పడితే ప్రతిబింబం ఆ గాజులో తేలుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో నాటకాలవాళ్లు వాడిన కిటుకు. ఇంత పాతదని తెలిస్తే మజా తగ్గుతుందని భయపడ్డారా? నాకైతే తెలిశాక ఆ గదిలో చూడటానికి రెండు విషయాలు దొరికాయి, దెయ్యాలు ఒకటి, గాజు అంచు ఎక్కడుందా అని వెతకడం ఇంకొకటి.

మూతపడ్డ పార్కుల భాగం ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు, నాచు పట్టిన కోస్టర్ మీదుగా డ్రోన్ ఎగిరితే ఎవరైనా చూస్తారు. జపాన్‌లోని నారా డ్రీమ్‌ల్యాండ్‌ను అలాగే చూపించి, పియానో వాయించి, శాపగ్రస్త స్థలం అన్నట్టు వదిలేశారు. శాపం కాదు. డిస్నీల్యాండ్‌ను చూసి దాని నమూనాలోనే 1961లో కట్టిన పార్కు అది. 1983లో టోక్యోలో అసలు డిస్నీ పార్కే వచ్చింది, 2001లో దగ్గర్లోని ఒసాకాలో యూనివర్సల్ తెరిచారు. నకలు కోసం ఎవరొస్తారు? 2006లో మూసేశారు. టోక్యో పార్కు యజమాని డిస్నీ కాదు, ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ. డిస్నీకి రాయల్టీలు వెళ్తాయి. ఈ రెండు కథలూ పక్కపక్కన పెడితే అరగంట కార్యక్రమం దానంతటదే తయారయ్యేది.

ఇంకొక్క విన్నపం, శబ్దం గురించి. కోస్టర్ కొండెక్కేటప్పుడు టక్ టక్ టక్ మని వినిపిస్తుందే, అది అలంకారం కాదు. గొలుసు తెగినా ట్రైన్ వెనక్కి జారకుండా, అడుగునున్న ఇనుప నాలుక ఒక్కో పంటి మీద పడుతున్న చప్పుడు. ఎక్కినవాళ్ల గుండె దడకు సగం కారణం అదే, వాళ్లను కాపాడేదీ అదే. చెక్క కోస్టర్ దిగేటప్పుడు కొయ్య కిర్రుమంటుంది. మీ కార్యక్రమంలో ఈ రెండూ ఒక్కసారీ వినబడలేదు, అన్నిచోట్లా ఆర్కెస్ట్రానే. కోస్టర్ సీన్లలో నేను టీవీ సౌండ్ ఆపేసి చూశాను.

రెండో భాగంలో నీటి రైడ్లు ఉన్నాయని ట్రైలర్‌లో కనిపించింది. దుంగ ఆకారపు పడవల్లో జారే రైడ్ మొదట వచ్చింది డిస్నీలో కాదు, 1963లో సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ టెక్సస్‌లో. కట్టింది మళ్లీ ఆరో కంపెనీయే. పడవకు ఇంజిన్ ఉండదు. పంపులు నీళ్లను పైకి తోస్తే, కాలవలో పారే ఆ నీళ్లే పడవను మోసుకెళ్తాయి. వీలైతే పంపుల గదిలోకి కెమెరా తీసుకెళ్లండి. వ్యాఖ్యానం చదివించే ముందు స్క్రిప్టు ఎవరైనా అభిమానికి చూపించండి. మాకు డబ్బులివ్వక్కర్లేదు, వద్దన్నా చదివి పెడతాం. నాకు పంపితే రెండు రోజుల్లో తిప్పి పంపుతాను.

ఇట్లు,
ఒక థీమ్ పార్క్ అభిమాని